గృహ విజ్ఞానం: వేలెడంత చేప మూరెడైతే?

చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదని పెద్దలంటారు. నిజమే. కాని చేపపిల్లను కొనితెచ్చుకొనే మనకు మాత్రం కొంత లెక్క తెలిసి ఉండవలె. ఆ లెక్క దాని ధరకు సంబంధించినది కాదు, దాని పెరుగుదలకు సంబంధించినది. అంగడిలో వేలెడంత ఉన్న చేప ఏడాదికి ఎంత అవుతుంది, రెండేళ్ళకు ఎంత అవుతుంది, చివరకు ఎంత పొడవు దగ్గర ఆగుతుంది అని అడిగి కొనేవారు అరుదు. అడగకపోవటం వలన నష్టపడేది కొన్నవారొక్కరే అయితే ఇంతగా చెప్పుకొనే పని లేదు. ఆ నష్టం గాజు తొట్టెను దాటి, కాలువను దాటి, ఎన్నడూ అక్వేరియం ముఖం చూడని జాలరి ఇంటిదాకా పోతున్నది. అందువలన ఈ మాసం ‘గృహ విజ్ఞానం’ శీర్షికను పాచి తినే చేపలకు కేటాయిస్తున్నాము.

పాచి – దాని విరుగుడు

గాజు తొట్టె నేడు చాలా క్వార్టర్లలో కనబడే అలంకారం. పిల్లలకు అది ముచ్చట. షిఫ్టు డ్యూటీ ముగించుకొని వచ్చిన వారికి కొంతసేపు మనసును సేదదీర్చే సాధనం. రాతి ముక్కలు పరచి, మొక్కలు నాటి, లైటు బిగించి, గోల్డ్ ఫిష్‌లనో గప్పీలనో విడిచిన తొట్టె మొదటి పక్షం రోజులు అద్దంలా మెరుస్తుంది. ఆ తరువాత అద్దాల మీద పలుచని ఆకుపచ్చ పొర, రాళ్ళ మీద గోధుమరంగు మరకలు కనబడనారంభిస్తవి. అదే పాచి. వెలుతురు, నీరు, చేపల విసర్జనాల నుండి వచ్చే పోషకాలు, ఈ మూడూ ఉన్నచోట పాచి పుట్టటం ప్రకృతి ధర్మం.

అప్పుడు మనం తిరిగి దుకాణానికి పోతాము. దుకాణదారుడు ఒక ప్లాస్టిక్ సంచిలో మరొక చేపను వేసి ఇస్తాడు. ఒళ్ళంతా మచ్చలతో, నోటితో సంచి గోడను పట్టుకొని ఉండే ఆ చేపను ఎక్కువచోట్ల ‘సక్కర్’ అంటారు, కొన్నిచోట్ల ‘ట్యాంక్ క్లీనర్’ అంటారు. ఇది ఒక్కటి ఉంటే చాలు, తొట్టెను అదే శుభ్రం చేసుకొంటుందని ఆయన భరోసా. పొడవు 5, 6 సెంటీమీటర్లకు మించదు. ధర స్వల్పం. ఇక ఆలోచించవలసినదేమున్నదనిపిస్తుంది. ఆలోచించవలసినది అక్కడే ఉన్నది.

ఎవరీ అతిథి?

సక్కర్ చేపల జన్మస్థానం దక్షిణ అమెరికా. అమెజాను, ఒరినోకో వంటి మహానదుల పరీవాహక ప్రాంతాలలో వీటి బంధువర్గం వందలాది జాతులుగా విస్తరించి ఉన్నది. మన నదులలోని వాలుగ, జెల్ల, మార్పు చేపలకు ఇవి దూరపు చుట్టాలు. అయితే మన మీసాల చేపలకు ఒంటిమీద పొలుసులుండవు, చర్మం నున్నగా ఉంటుంది. సక్కర్ చేపలకు పొలుసుల స్థానంలో ఎముక పలకల కవచం ఉంటుంది. వెన్ను రెక్కకు, రొమ్ము రెక్కలకు బలమైన ముళ్ళుంటవి. ప్రమాదం కలిగినప్పుడు ఆ ముళ్ళను నిక్కబొడుచుకొని బిగించుకొంటుంది. నోరు తల క్రిందివైపున గుండ్రని గిన్నెవలె ఉండి రాళ్ళను, కట్టెలను, అద్దాలను అంటిపెట్టుకొంటుంది. పెదవుల లోపలి సన్నని పళ్ళ వరుసలు పాచిని గీకి తీస్తవి.

స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్ 1758లో ఈ వర్గపు చేపకు ‘ప్లెకోస్టొమస్’ అని పేరు పెట్టినాడు. మడతలు పడిన నోరు కలది అని దాని అర్థం. నేటికీ రంగుచేపల వ్యాపారంలో ‘ప్లెకో’ అన్న ముద్దుపేరు అక్కడి నుండి వచ్చినదే. కాని దుకాణాలలో ఆ పేరుతో అమ్ముడయ్యే వాటిలో అధికభాగం నేడు శాస్త్రజ్ఞులు ‘టెరిగోప్లిక్తిస్’ అని పిలిచే దగ్గరి ప్రజాతికి చెందినవి. తెరచాపవలె విప్పారే వెన్ను రెక్క వీటి గుర్తు. ఆ రెక్కలోని ఈనెలు సాధారణంగా 10 లేదా అంతకు మించి ఉంటవి.

ఈ చేపకు మరొక నేర్పున్నది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలిని మ్రింగి, జీర్ణాశయం గోడల ద్వారా ఆ గాలిలోని ప్రాణవాయువును గ్రహించగలదు. అందువలన ఇతర చేపలు బ్రతకలేని మురికి నీటిలోనూ ఇది బ్రతుకుతుంది. నీటి నుండి బయటకు తీసినా తడి ఆరనంతవరకు చాలా గంటలు ప్రాణాలతో ఉంటుంది. ఇంత గట్టి ప్రాణం గనుకనే వేల మైళ్ళు ప్రయాణం చేసి మన ఊరి దుకాణాల దాకా రాగలిగినది.

వేలు, జాన, మూర

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము. మన పెద్దల కొలతలే ఇందుకు చక్కగా సరిపోతవి.

కొన్ననాడు చేప వేలెడంత, అనగా సుమారు 6 సెంటీమీటర్లు. వెచ్చని నీరు, తగినంత మేత, చోటు ఉన్నట్లయితే మొదటి సంవత్సరంలోనే 15 సెంటీమీటర్లు దాటటం అసాధారణం కాదు. అనగా ఏడాది తిరిగేసరికి అది జానెడుకు చేరువ అవుతుంది. ప్రకృతిసిద్ధమైన జలాలలో స్థిరపడిన తెరచాప రెక్కల సక్కర్ చేపలలో చాలాభాగం రెండేళ్ళు నిండేసరికి 30 సెంటీమీటర్లు, అనగా అడుగు పొడవు దాటుతున్నట్లు గుర్తించినారు. ఆపైన పెరుగుదల మందగిస్తుంది గాని ఆగదు. పూర్తిగా ఎదిగిన చేప 40 నుండి 50 సెంటీమీటర్లు ఉంటుంది. అది అక్షరాలా మూరెడు. ఆయుర్దాయం 10 సంవత్సరాలకు పైమాటే. పాప ఒకటవ తరగతిలో ఉన్నప్పుడు కొన్న చేప, ఆ పాప పదవ తరగతి పరీక్షలు వ్రాసేనాటికి కూడా ఇంటిలో ఉండవచ్చునన్నమాట.

పొడవు ఒక్కటే చూస్తే పెరుగుదల పూర్తిగా బోధపడదు. శరీరపు ఆకృతి మారకుండా పొడవు రెట్టింపైతే బరువు 2 రెట్లు కాదు, 8 రెట్లవుతుంది. ఈ సూత్రం మన ఇంజనీరు మిత్రులకు కొత్త కాదు. 6 సెంటీమీటర్ల చేప 18 సెంటీమీటర్లయితే పొడవు 3 రెట్లు, బరువు సుమారు 27 రెట్లు. 30 సెంటీమీటర్లయితే పొడవు 5 రెట్లు, బరువు సుమారు 125 రెట్లు. మేత, విసర్జనాలు సరిగ్గా ఇదే లెక్కన పెరగకపోయినా, అవి పొడవు వెంట గాక బరువు వెంటనే నడుస్తవి. ఒక చేపను తెచ్చి తొట్టెలో వేసినామని మనం అనుకొంటాము. రెండేళ్ళు గడిచేసరికి ఆ తొట్టె మోస్తున్నది నూటికి పైగా చేపపిల్లల భారమని గ్రహించవలె.

‘తొట్టెను బట్టి పెరుగుతుంది’ అన్న మాట

ఇక్కడ తరచుగా వినిపించే సమాధానం ఒకటున్నది. చేప తన తొట్టె ఎంత ఉంటే అంతే పెరుగుతుంది, చిన్న తొట్టెలో చిన్నదిగానే ఉండిపోతుంది అని. ఈ మాటలో సగం నిజమున్నది. చిన్న తొట్టెలో చేప పెరుగుదల మందగించటం వాస్తవం. కాని అది తొట్టెను చూసి చేప చేసుకొన్న సర్దుబాటు కాదు. కొద్దిపాటి నీటిలో విసర్జనాలు పేరుకొని, కదలటానికి చోటు చాలక, మేత సరిపడక ఆరోగ్యం క్షీణించటం వలన వచ్చిన కుంగుబాటు. పోషణ లేని పసివాని ఎదుగుదల ఆగిపోతే ఇల్లు ఇరుకు గనుక ఒదిగి పెరిగినాడని ఎవరమూ సంతోషించము. చేప విషయంలోనూ అంతే.

సామాన్యంగా ఇళ్ళలో కనబడే తొట్టె 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటుంది. సెంటీమీటర్లలో 60, 30, 30. పూర్తిగా నింపితే 54 లీటర్లు. రాళ్ళు, ఇసుక పోను నికరంగా ఇంకా తక్కువ. దీని వెడల్పు 30 సెంటీమీటర్లు కాగా, ఎదిగిన సక్కర్ చేప పొడవు 40 సెంటీమీటర్లు. అనగా తన తొట్టెలో తాను వెనుకకు తిరగటానికే దానికి చోటుండదు. అటువంటి చేపను హాయిగా ఉంచవలెనంటే 5, 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల తొట్టె కావలె. అందులో కనీసం 400 నుండి 500 లీటర్ల నీరుండవలె. 500 లీటర్ల నీటి బరువే అర టన్ను. గాజు, రాళ్ళు, స్టాండు బరువు దీనికి అదనం. క్వార్టరు ముందుగదిలో అర టన్ను బరువును నిలబెట్టే సంకల్పం మనకున్నదా అన్న ప్రశ్నను చేపను కొనకముందే వేసుకొనవలె.

పాచి తినే చేపే పాచికి ఎరువు

ఇందులో ఒక విచిత్రమున్నది. పాచి పోవటానికి తెచ్చిన చేప కొంతకాలానికి పాచి పెరగటానికి కారణమవుతుంది.

తొట్టెలో పాచి ఎంత పుడుతుందన్నది ప్రధానంగా వెలుతురును, పోషకాలను బట్టి, అద్దాల విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. అద్దాలు పెరగవు. చేప పెరుగుతుంది. వేలెడంత ఉన్ననాడు దాని ఆకలికి అద్దాల మీది పాచి చాలును. జానెడైన తరువాత ఆ పాచి దానికి ఫలహారానికైనా చాలదు. కనుక అడుగున పడిన ఇతర చేపల మేత తింటుంది. అదీ చాలక చిక్కిపోతుంది. అక్వేరియంలలో ఎన్నో సక్కర్ చేపలు పొట్ట లోపలికి పోయి, కళ్ళు గుంటలు పడి మరణించటానికి కారణం ఆకలి. పాచి తింటుంది గదా, వేరే మేత ఎందుకని దాని యజమాని అనుకోవటమే ఆ ఆకలికి మూలం.

మేత వేస్తే మరొక చిక్కు. చేప తిన్నదానిలో చాలాభాగం అమ్మోనియాగా, మలంగా నీటిలో చేరుతుంది. తొట్టెలోని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తవి. నైట్రేటు పాచికి ఎరువు. పొలంలో యూరియా చల్లినట్లే అన్నమాట. ఈ విధంగా అద్దాలు తుడవటానికి నియమించిన పనివాడు ఒక చేత్తో తుడుస్తూ, రెండవ చేత్తో మురికి చల్లుతుంటాడు.

ఇతర చేపల సంగతి

పాచి తినే చేపలన్నీ ఒకే తీరున పెరగవు. కొనేముందు ఈ తేడా తెలిసి ఉంటే చాలా చిక్కులు తప్పుతవి.

ఆగ్నేయాసియా నదుల నుండి వచ్చే ‘చైనీస్ ఆల్గీ ఈటర్’ పేరులో చైనా ఉన్నా, మీకాంగ్, చావో ఫ్రాయా నదులే దాని ప్రధాన స్థావరాలు. బంగారు వన్నెలో ఉండే రకం పిల్లలను బాగా ఆకర్షిస్తుంది. చిన్నతనంలో పాచి బాగా తింటుంది. ఎదిగినకొద్దీ పాచి మీద ఆసక్తి తగ్గి, గోల్డ్ ఫిష్ వంటి నెమ్మదైన చేపల ఒంటికి నోటితో అంటుకొని వాటి మీది జిగురు పొరను పీల్చనారంభిస్తుంది. 28 సెంటీమీటర్ల వరకు పెరగగల చేప ఇది. నాలుగు గోల్డ్ ఫిష్‌లున్న తొట్టెలో ఇది శత్రువుతో సమానం.

‘సియామీస్ ఆల్గీ ఈటర్’ అనే సన్నని, నల్లని గీత గల చేప 15 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. వెంట్రుకల వంటి మొండి పాచిని తినటంలో దీనికి మంచి పేరున్నది. అయితే చురుకుగా తిరిగే చేప గనుక 3 అడుగులకు తగ్గని తొట్టె కావలె.

సక్కర్ కుటుంబంలోనే ‘బ్రిసిల్‌నోజ్’ అనే పొట్టి రకం ఉన్నది. మగచేప ముట్టె మీద కొమ్మలుగా చీలిన మీసాల వంటి కండలు దీని గుర్తు. 12 నుండి 15 సెంటీమీటర్లను మించి పెరగటం అరుదు. సక్కర్ చేపే కావలెనని పట్టుబట్టే పిల్లలున్న ఇంటికి ఇది కొంత నయమైన ఎంపిక. అన్నిటికన్న చిన్నది ‘ఒటోసింక్లస్’. దీని పొడవు 4, 5 సెంటీమీటర్లే. అయితే ఇది సుకుమారమైనది. గుంపుగా ఉండవలె, తొట్టె కొన్ని నెలలు పాతబడి నీరు కుదురుకొని ఉండవలె. కొత్త తొట్టెలో వేస్తే వారం తిరగకుండానే చనిపోతుంటవి.

ఏ చేపనైనా కొనేముందు దుకాణంలో దాని పూర్తి ఎదుగుదల ఎంత అని అడగటం కొనుగోలుదారుని హక్కు. సమాధానం రాకపోతే ఆ చేపను కొనకపోవటమే ఉత్తమం.

బదిలీ ఉత్తర్వులు వచ్చిన నాడు

మన ఉద్యోగ జీవితంలో బదిలీ అనివార్యం. మంచాలు, బీరువాలు, వంటపాత్రలు లారీ ఎక్కుతవి. గాజు తొట్టె ఎక్కటం కష్టం. అందులోని జానెడు, అడుగెడు చేప ఎక్కటం మరీ కష్టం. ఇరుగుపొరుగులను అడిగితే వారి తొట్టెలోనూ ఒక సక్కర్ ఉండనే ఉంటుంది. దుకాణదారుడు పెద్ద చేపను వెనుకకు తీసుకొనటానికి అంతగా ఇష్టపడడు. చంపటానికి మనసొప్పదు. అప్పుడు ఎవరికైనా తోచే ఉపాయం ఒకటే. సాయంత్రం బకెట్లో వేసుకొని చెరువుకో, కాలువకో, కాలనీ వెలుపలి జలాశయానికో తీసుకొనిపోయి విడిచిపెట్టటం. చేప మునిగి కనుమరుగైనప్పుడు ఒక ప్రాణిని కాపాడినామన్న తృప్తి. పిల్లలు చేయి ఊపి వీడ్కోలు చెబుతారు.

ఇందులో చెడు తలంపు ఏమాత్రమూ లేదు. ఉన్నది దయ మాత్రమే. కాని ఆ దయ పర్యవసానం ఏమిటో తెలిసిన తరువాత కూడా అదే పని చేస్తే దానిని దయ అనలేము.

చెరువులో చేరిన సక్కర్ చేపకు శత్రువులు తక్కువ. ఎముక కవచం, నిక్కబొడుచుకొనే ముళ్ళు ఉన్న చేపను కొంగ గాని, పెద్ద చేప గాని సులభంగా మ్రింగలేదు. ప్యూర్టో రికో ద్వీపంలో గోధుమరంగు గూడబాతులు ఈ చేపను మ్రింగబోయి, గొంతులో ముళ్ళు చిక్కుకొని మరణించిన సంగతిని శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించినారు. మగచేప గట్టులోనికి మీటరుకు పైబడిన పొడవున బొరియ త్రవ్వుతుంది. ఆడచేప అందులో వందల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. తండ్రి కాపలా ఉంటుంది. ఎలుక బొరియలు గట్టుకు చేసే చేటు రైతు కుటుంబాల నుండి వచ్చిన మనలో చాలామందికి తెలిసినదే. చెరువు గట్టుకు, కాలువ గట్టుకు ఈ బొరియలు చేసే చేటు అటువంటిదే.

అన్నిటికన్న పెద్ద దెబ్బ వలకు తగులుతుంది. వలలో పడిన సక్కర్ చేప ముళ్ళు బిగించుకొని నూలు పోగులను చుట్టుకొంటుంది. ఎంత ఓపికగా విప్పబోయినా రాదు. చివరకు వలను కోయవలసి వస్తుంది. ఆ చేపకు సంతలో గిరాకీ లేదు. మాంసం తక్కువ, ఎముక ఎక్కువ. రోహు, బొచ్చె పడవలసిన వలలో ఇది పడితే ఆనాటి రాబడి పోతుంది, వల కూడా పోతుంది. ఆ వలను మరల అల్లుకొనే రోజులలో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది జాలరి కుటుంబానికి ఎదురయ్యే ప్రశ్న.

ఇది ఒక్క మన ప్రాంతపు సమస్య కాదు. ఫిలిప్పీన్సు దేశంలో ఈ చేపకు ‘జానిటర్ ఫిష్’ అని పేరు. ఊడ్చి శుభ్రం చేసేది అని ముచ్చటపడి పెట్టిన పేరు. తొట్టెల నుండి బయటపడిన ఆ జానిటర్లు మరికినా నదిలోను, లగూనా డి బే సరస్సులోను వ్యాపించి జాలరులకు తలనొప్పిగా మారినవి. మెక్సికోలోని ఇన్ఫియెర్నిల్లో జలాశయం ఒకప్పుడు తిలాపియా చేపల వేటకు ప్రసిద్ధి. సక్కర్ చేపలు ప్రవేశించిన కొన్నేళ్ళకు వలలలో తిలాపియా స్థానాన్ని అవే ఆక్రమించినవి. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ 2023లో ఈ చేప దిగుమతిని, పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించింది.

మన దేశంలో కేరళ కాలువలలోను, కోల్‌కతా తూర్పు ప్రాంతపు చేపల చెరువులలోను ఇవి కనబడినవి. 2020లో వారణాసి వద్ద గంగానదిలో దొరికిన సక్కర్ చేప వార్తలకెక్కినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇది ‘డెవిల్ ఫిష్’గా, ‘దెయ్యం చేప’గా పేరు పొందినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటి నమూనాలలోని డి.ఎన్.ఎ. జాడలను బట్టి ఈ చేప ఉనికిని పసిగట్టే పద్ధతిని రూపొందించి, తూర్పు కనుమల ప్రాంతంలో తాము పరిశీలించిన జలాశయాలలో సుమారు 60 శాతం వాటిలో ఇది చేరినదని 2024లో వెల్లడించినారు. దక్షిణ అమెరికా చేప తూర్పు కనుమలకు ఈదుకొంటూ రాలేదు. మనుషులే దానిని తెచ్చినారు. అక్వేరియం వ్యాపారపు బాటన, చేపల పెంపకపు బాటన, ఇళ్ళ నుండి మోసిన బకెట్ల బాటన అది నీటిలో చేరినది.

దేశంలో విదేశీ దురాక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, వ్యాప్తిని నియంత్రించే అధికారాన్ని 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చినది. చట్టం తన పని తాను చేస్తుంది. అయితే సాయంకాలపు చీకటిలో చెరువు గట్టుకు పోయే బకెట్టును ఆపగలిగినది ఇంటి విచక్షణ మాత్రమే.

పరిశ్రమల కాలనీలలో నివసించే మనకు ఈ విషయంలో అదనపు బాధ్యత ఉన్నది. మన వంటి సంస్థలకు జలాశయాలుంటవి, నీటి కాలువలుంటవి. ఎన్నోచోట్ల ఆ నీటిలో పరిసర గ్రామాల మత్స్యకారులు వలలు వేసుకొని బ్రతుకుతుంటారు. మన గాజు తొట్టెకు, వారి వలకు మధ్య ఉన్నది ఒక్క బకెట్టు దూరమే.

చేయదగినవి, చేయరానివి

ఇంతవరకు తొట్టె లేనివారు, సక్కర్ లేనివారు పాటించదగినది సులభం. పాచిని చేపకు అప్పగించక తామే అదుపులో పెట్టుకొనవచ్చును. తొట్టెను కిటికీ ఎండ తగలని చోట ఉంచవలె. లైటు రోజుకు 8 గంటలకు మించకూడదు. మేత రెండు నిమిషాలలో చేపలు తినివేయగలిగినంతే వేయవలె. వారానికొకసారి నాలుగవ వంతు నీరు తీసి, ఒక రోజు ముందుగా బకెట్లలో నిలువ ఉంచిన కుళాయి నీటిని పోయవలె. అద్దాలను సబ్బు తగలని స్పాంజితో తుడవవలె. ఈ పని వారానికి పావుగంట. పిల్లలకు అప్పగిస్తే వారికి బాధ్యత అలవడుతుంది. నీటి మొక్కలు బాగా పెరిగే తొట్టెలో పోషకాలను అవే గ్రహించటం వలన పాచి సహజంగానే తగ్గుతుంది.

ఇప్పటికే సక్కర్ చేప ఉన్నవారు దానిని నిందించవలసిన పని లేదు. పెరగటం దాని తప్పు కాదు. దానికి కీరదోస ముక్కలు, ఉడికించిన పాలకూర, అడుగుకు మునిగే మేత బిళ్ళలు వేయవలె. గీకటానికి ఒక కట్టె ముక్క, దాగటానికి ఒక గూడు ఏర్పాటు చేయవలె. అది జానెడు కాకముందే తరువాతి ఏర్పాటు ఆలోచించవలె. పాఠశాలలోనో, క్లబ్బులోనో, కార్యాలయపు స్వాగత కక్ష్యలోనో పెద్ద తొట్టె ఉంటే వారిని అడగవచ్చును. తీసుకొనిన దుకాణాన్ని మరల అడగవచ్చును. నగరంలోని పెద్ద అక్వేరియం నిర్వాహకులను సంప్రదించవచ్చును. ఎవరూ లేనప్పుడు జిల్లా మత్స్యశాఖ కార్యాలయపు సలహా తీసుకొనవలె. ఇరుగుపొరుగులలో తొట్టెలున్నవారు కొందరు కలిసి, బదిలీ అయిన వారి చేపలను ఒక పెద్ద తొట్టెలో ఉమ్మడిగా పోషించే ఏర్పాటు చేసుకొనగలిగితే అది కాలనీకే ఆదర్శమవుతుంది.

చెరువులో, కాలువలో, బావిలో, గుడి కోనేటిలో మాత్రం విడవరాదు. తొట్టె నీటిని వర్షపు కాలువలోనికి వంచరాదు. పిల్లచేపలు గాని, గుడ్లు గాని ఉంటే వాన నీటితో అవీ పోతవి. ఆ నీటిని ఇంటి మొక్కల పాదులకు పోస్తే మొక్కలకు ఎరువు, చెరువుకు క్షేమం.

దుకాణంలో ప్లాస్టిక్ సంచి అందుకొనేముందు ఒక్క క్షణం ఆగి, చేయి చాపి చూచుకొందాము. మోచేతి నుండి మధ్యవేలి కొస వరకు ఒక మూర. సంచిలోని వేలెడంత చేప ఒకనాటికి అంత అవుతుంది. అంతటి ప్రాణికి పదేళ్ళపాటు చోటు, నీరు, తిండి మన ఇంటిలో ఉన్నవనుకొంటే నిస్సంకోచంగా తెచ్చుకొందాము. లేవనుకొంటే దానిని అంగడిలోనే ఉంచి, వారానికి పావుగంట స్పాంజి పట్టుకొందాము.